పౌర సంబంధాల్లో సోషల్ మీడియా, బ్లాగు: దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా

పౌర సంబంధాలు అంటే ఒక సంస్థకూ, ఆ సంస్థతో పని పడే జనానికీ మధ్య నమ్మకం కుదిర్చి, కుదిరినదాన్ని నిలబెట్టే పని. డబ్బు కడితే ప్రకటనకు చోటు దొరుకుతుంది. నమ్మకం అలా దొరకదు. అందుకే పెద్ద సంస్థల్లో ప్రకటనల విభాగం వేరు, పౌర సంబంధాల విభాగం వేరు. ప్రభుత్వంలో సమాచార, పౌర సంబంధాల శాఖ, జిల్లాకో పౌర సంబంధాల అధికారి ఉండడం తెలుగువారికి ఎప్పటినుంచో తెలిసిన ఏర్పాటే. ఈ పనిలోకి ఈ శతాబ్దంలో రెండు సాధనాలు వచ్చి చేరాయి. ఒకటి బ్లాగు. రెండోది సోషల్ మీడియా, అంటే ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, ఇప్పుడు ఎక్స్ అని పిలుస్తున్న ట్విట్టర్.

సాధనాలు కొత్తవైనా సూత్రం పాతదే. 1906లో అమెరికాలో ఐవీ లీ అనే పౌర సంబంధాల నిపుణుడు పత్రికలకు ఒక ప్రకటన పంపాడు. తమ పనిలో దాపరికం ఉండదని, జనానికి తెలియాల్సిన నిజాలను సకాలంలో, సరిగ్గా అందిస్తామని అందులో మాట ఇచ్చాడు. 1984లో జేమ్స్ గ్రూనిగ్, టాడ్ హంట్ అనే ఇద్దరు ఆచార్యులు ఈ వృత్తి నడిచిన తీరును నాలుగు పద్ధతులుగా విడదీశారు. మొదటిది ఆర్భాటంగా ప్రచారం చేసుకోవడం. రెండోది ఉన్న సమాచారాన్ని ఉన్నట్టు అందించడం. మూడోది జనం నాడి పట్టుకొని వాళ్లను తమవైపు తిప్పుకోవడం. నాలుగోది జనం మాట విని, అవసరమైతే సంస్థే తన తీరు మార్చుకోవడం. భారత పౌర సంబంధాల సంఘం 1958లో ఏర్పడింది. ఏటా ఏప్రిల్ 21ని జాతీయ పౌర సంబంధాల దినంగా జరుపుతారు. ఈ రంగంలో హైదరాబాద్‌కు ప్రత్యేక స్థానం ఉంది. ఆచార్యుడు సి.వి. నరసింహారెడ్డి సంపాదకత్వంలో ‘పబ్లిక్ రిలేషన్స్ వాయిస్’ అనే పత్రిక ఈ నగరం నుంచే వెలువడింది.

నాలుగు పద్ధతుల్లో చివరిది చాలాకాలం పుస్తకాలకే పరిమితమైంది. పత్రికా ప్రకటన చదివినవాడు తిరిగి ప్రశ్న వెయ్యాలంటే ఉత్తరం రాయాలి, లేదా ఆఫీసు మెట్లెక్కాలి. సోషల్ మీడియా ఆ ప్రశ్నను ప్రకటన కిందికే తెచ్చింది. పైగా ప్రశ్నా, జవాబూ, జవాబు రాకపోవడమూ నలుగురికీ కనిపిస్తాయి. ఈ మార్పు వీధిలో ఎలా పనిచేస్తుందో చూడడానికి హైదరాబాద్ తూర్పు వైపున్న దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ దారి మంచి ఉదాహరణ.

మలక్‌పేట దాటాక మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఈ దారి ఎల్బీ నగర్ చౌరస్తా చేరుతుంది. సూర్యాపేట, విజయవాడ వైపు నుంచి వచ్చేవాళ్లకు ఎల్బీ నగర్ నగరపు గుమ్మం. 2007 ఏప్రిల్ దాకా అది వేరే మున్సిపాలిటీ. ఆ నెలలో మరో పదకొండు పురపాలికలతో పాటు విలీనమై గ్రేటర్ హైదరాబాద్‌లో భాగమైంది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, బట్టల దుకాణాలు, నగల దుకాణాలు, ఆసుపత్రులు ఒకదాన్ని ఆనుకొని ఒకటి ఉంటాయి. గురువారం వస్తే సాయిబాబా గుడి దగ్గర జనం కిటకిటలాడతారు. ఇక్కడ ఒకప్పుడు ప్రచారమంటే రోడ్డు పక్కన ఫ్లెక్సీ, బస్టాపులో పంచే పాంప్లెట్, ఉదయం పేపర్లో పెట్టి పంపే కరపత్రం. అవి ఇప్పటికీ పోలేదు. కానీ పాంప్లెట్ తీసుకున్న కుర్రవాడు అక్కడే నిలబడి ఫోన్‌లో ఆ సంస్థ పేరు కొట్టి, కింద నలుగురు ఏమన్నారో చదువుతున్నాడు. సంస్థ తన గురించి చెప్పుకున్న మాటకన్నా ఆ నలుగురి మాటకే విలువ ఎక్కువ. పౌర సంబంధాల పని ఇప్పుడు మొదలయ్యేది అక్కడే.

ఈ దారిని మార్చేసింది మెట్రో రైలు. అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్ దాకా 16 కిలోమీటర్ల మార్గం 2018 సెప్టెంబరు 24న మొదలైంది. దాంతో మియాపూర్, ఎల్బీ నగర్ మధ్య 29 కిలోమీటర్ల దారి పూర్తయింది. మెట్రోతో పని పడేవాడికి కావలసిన సమాచారం చిన్నది: రైలు నడుస్తోందా, చివరి రైలు ఎప్పుడు, ఆగితే ఎందుకు ఆగింది. ఇవి పత్రికలో రేపు వస్తే ప్రయోజనం లేదు, ఈ నిమిషంలోనే కావాలి. 2022 అక్టోబరులో వాట్సాప్‌లోనే టికెట్ తీసుకునే వీలు వచ్చింది. సంభాషణకు పుట్టిన సాధనం అలా టికెట్ కౌంటర్ కూడా అయింది.

మాటలతో సర్దలేని సందర్భమూ మెట్రోలోనే కనిపించింది. 2025 మే 17 నుంచి ఛార్జీలు పెరిగాయి. కనీస ఛార్జీ 10 రూపాయల నుంచి 12కు, గరిష్ఠ ఛార్జీ 60 నుంచి 75కు చేరింది. రోజూ ఈ చివర ఎక్కి ఆ చివర దిగేవాళ్లకు అది భారమే. ప్రయాణికుల నుంచి నిరసన వచ్చింది. వారం గడిచాక, మే 24 నుంచి, పెంచిన ఛార్జీలపై 10 శాతం తగ్గింపు ఇచ్చారు. ఎంత అందంగా రాసిన పోస్టయినా ధర ఎక్కువన్న బాధను తీర్చదు. ధరలో మార్పే తీరుస్తుంది. గ్రూనిగ్, హంట్ చెప్పిన నాలుగో పద్ధతికి అర్థం ఇదే.

రోడ్డు మీద నడిచే ఆర్టీసీది మరో పాఠం. 2021 సెప్టెంబరులో వి.సి. సజ్జనార్ తెలంగాణ ఆర్టీసీ ఎండీగా బాధ్యతలు చేపట్టారు. నాలుగేళ్ల తర్వాత, 2025 సెప్టెంబరు చివర్లో, హైదరాబాద్ పోలీస్ కమిషనర్‌గా వెళ్లారు. ఆ నాలుగేళ్లలో ట్విట్టర్ ఆ సంస్థకు బహిరంగ ఫిర్యాదుల కిటికీ అయింది. ఫలానా రూటులో బస్సు ఆపడం లేదనో, ఫలానా ఊరికి సర్వీసు లేదనో ప్రయాణికులు నేరుగా రాసేవారు. అక్కడే జవాబు వచ్చేది. సినిమా మాటల మీద కట్టిన మీమ్స్‌తో, పోస్టర్లతో ప్రైవేటు వాహనాల కంటే ఆర్టీసీ భద్రమన్న ప్రచారమూ సాగింది. నవ్వించే పోస్టు చూసి జనం ఆ ఖాతా దగ్గరికి వచ్చి ఉండవచ్చు. అక్కడ నిలిపింది మాత్రం డిపోకు చేరిన ఫిర్యాదు, దాని మీద జరిగిన పని. దిల్‌సుఖ్‌నగర్ డిపో మేనేజరుకు కబురు అందకపోతే సంస్థ ఖాతాలో మీమ్ ఎంత పండినా లాభం లేదు. ఖాతా నడిపే మనిషికీ, పని చేసే మనిషికీ మధ్య తీగ తెగకుండా ఉండాలి. ఇది ఏ సంస్థకైనా మొదటి షరతు.

సంస్థల మాటకు అసలు పరీక్ష ఆపదలో ఎదురవుతుంది. 2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాద్‌ను వాన ముంచెత్తింది. తూర్పు శివారు ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్లు కురిసింది. సరూర్‌నగర్, నాగోల్, హయత్‌నగర్, ఎల్బీ నగర్ పరిధిలో కాలనీలకు కాలనీలు నీళ్లలో చిక్కాయి. తేరుకునే లోపే 17వ తేదీ రాత్రి మళ్లీ వాన. కరెంటు పోయిన ఇళ్లలో టీవీ లేదు, మర్నాడు పేపరు రాదు. మిగిలింది ఛార్జింగ్ ఉన్నంతసేపు ఫోన్. కాలనీ సంక్షేమ సంఘాల వాట్సాప్ గ్రూపులే ఆ రాత్రి సమాచార కేంద్రాలు. పడవ ఎక్కడిదాకా వచ్చింది, పాలు ఎక్కడ దొరుకుతాయి, ఏ వీధిలో ముసలివాళ్లు చిక్కుకున్నారు అన్న కబుర్లు వాటిలోనే తిరిగాయి.

ఇలాంటి వేళ సంస్థ పెట్టే పోస్టుకు నాలుగు లక్షణాలు ఉండాలి. మొదటిది సమయం. రాత్రి తొమ్మిదికి పెట్టిన పోస్టు తెల్లవారి ఎవరో పంపితే కొత్త వార్తలా కనిపిస్తుంది. అందుకే తేదీ, గంట పోస్టు లోపలే రాయాలి. రెండోది చోటు. ‘లోతట్టు ప్రాంతాలవారు జాగ్రత్త’ అంటే ఎవరికీ తగలదు. కాలనీ పేరు, రోడ్డు పేరు, దగ్గరి గుర్తు చెప్పాలి. మూడోది చెయ్యాల్సిన పని: ఎక్కడికి వెళ్లాలి, ఏ నంబరుకు ఫోన్ చెయ్యాలి. నాలుగోది, మళ్లీ ఎప్పుడు సమాచారం ఇస్తారో చెప్పడం. గంటకోసారి చెబుతామన్నప్పుడు కొత్త కబురు లేకపోయినా గంటకు ‘పరిస్థితి ఇంకా అలాగే ఉంది’ అని చెప్పాలి. ఆ మాట లేని ఖాళీలోకే పుకారు దూరుతుంది. చెరువు కట్ట తెగిందన్న ఒక్క మాట చాలు, అర్ధరాత్రి వీధంతా రోడ్డెక్కడానికి.

దిల్‌సుఖ్‌నగర్‌కు అంతకన్నా పెద్ద గాయం ఉంది. 2013 ఫిబ్రవరి 21, గురువారం సాయంత్రం, ఏడు గంటల ప్రాంతంలో 107 నంబరు బస్టాపు దగ్గర, ఏ1 మిర్చి సెంటర్ దగ్గర వెంటవెంటనే రెండు బాంబులు పేలాయి. పదిహేడు మందికి పైగా చనిపోయారు. క్షతగాత్రులను వేర్వేరు ఆసుపత్రులకు చేర్చారు. అలాంటి గంటల్లో కుటుంబాలకు కావలసింది ఒకే సమాచారం: మనిషి ఎక్కడున్నాడు. ఆసుపత్రుల పేర్లు, హెల్ప్‌లైన్ నంబర్లు, ఏ గ్రూపు రక్తం కావాలి, ఎక్కడికి రావాలి అన్నవి అధికారిక ఖాతా ఒకేచోట ఉంచితే అది ప్రాణం నిలిపే పని. పేలుడు దృశ్యాలు, శవాల ఫొటోలు, ఎవరు చేశారన్న ఊహలు అక్కడ ఉండకూడదు. సంస్థల మామూలు పోస్టులూ, అమ్మకాల ప్రకటనలూ ఆ పూట ఆపెయ్యాలి. ముందే సమయం పెట్టి ఉంచిన ‘ఈ సాయంత్రం భారీ తగ్గింపు’ పోస్టు విషాదం మధ్యలో బయటికి వస్తే ఆ దుకాణం పేరు చాలాకాలం కోలుకోదు.

పుకారును పోస్టుతోనే ఆపడం అన్నిసార్లూ కుదరదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ పుకార్లు తెలుగు పల్లెల్ని కుదిపేశాయి. అప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసులను ఊళ్లకు పంపి డప్పుతో, పాటతో ఆ పుకార్లు అబద్ధమని చెప్పించారు. ఫోన్‌లో పుట్టిన భయానికి విరుగుడు ఊరి నడిబొడ్డున, ముఖాముఖి దొరికింది. అదే ఏడాది వాట్సాప్ భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా హద్దు పెట్టింది. ముఖాముఖి చెప్పాలన్న ఆ పాఠం ఎల్బీ నగర్ కాలనీలకూ వర్తిస్తుంది. గ్రూపులో పెట్టిన వివరణకు సంక్షేమ సంఘం అధ్యక్షుడి మాట, గుడి మైకు, మసీదు మైకు తోడైతేనే అది అందరికీ చేరుతుంది.

వ్యాపారాల సంగతికి వస్తే, దిల్‌సుఖ్‌నగర్ గుర్తింపు కోచింగ్ సెంటర్లతో ముడిపడి ఉంది. గ్రూప్స్, ఎస్సై, కానిస్టేబుల్, డీఎస్సీ, బ్యాంకు పరీక్షల కోసం జిల్లాల నుంచి వచ్చిన కుర్రవాళ్లు ఇక్కడి హాస్టళ్లలో ఉంటారు. ఫలితాలు రాగానే ర్యాంకుల ఫొటోలు ఫ్లెక్సీల మీదా, రీల్స్‌లోనూ నిండిపోతాయి. ఈ ప్రచారానికి ఇప్పుడు చట్టం హద్దు గీసింది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరు 13న కోచింగ్ రంగంలో తప్పుదోవ పట్టించే ప్రకటనలపై మార్గదర్శకాలు తెచ్చింది. ఎంపికైన విద్యార్థి ఫొటో వాడాలంటే, ఎంపికయ్యాక అతని రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి. అతను తీసుకున్నది ఏ కోర్సు, ఎంతకాలం, దానికి డబ్బు కట్టాడా లేదా అన్నది ఫొటోతో పాటు చెప్పాలి. ఇంటర్వ్యూకు ముందు వారం రోజులు వచ్చి వెళ్లినవాణ్ని మొదటినుంచీ తామే చదివించినట్టు చూపడం ఇకమీద చెల్లదు. ఉద్యోగం ఖాయమన్న హామీ కూడా చెల్లదు.

నలుగురిలో పేరున్నవాళ్లతో చెప్పించే ప్రచారానికీ నియమాలు ఉన్నాయి. హోటల్ బిర్యానీ గురించో, చీరల దుకాణం గురించో యూట్యూబర్ చెప్పే మాటకు వెనక డబ్బో, ఉచిత సరుకో ఉంటే ఆ సంగతి చూసేవారికి తెలియాలి. 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన సూచనల ప్రకారం ఆ వెల్లడి స్పష్టంగా, ప్రచారం ఏ భాషలో సాగితే ఆ భాషలోనే ఉండాలి. తెలుగులో చేసిన రీల్ చివర ఇంగ్లిష్‌లో చిన్న అక్షరాలు వెయ్యడం సరిపోదు. ‘ఇది డబ్బు తీసుకొని చేసిన ప్రచారం’ అని తెలుగులో చెప్పాలి. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారంటూ హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు పలువురు యూట్యూబర్ల మీద, సినీ నటుల మీద కేసులు పెట్టారు. ఆ తర్వాత డబ్బు తీసుకున్నవాడికి బాధ్యత ఉండదన్న భ్రమ తొలగింది.

ఇక బ్లాగు. తెలుగులో బ్లాగుల ఉత్సాహం 2006 ప్రాంతంలో ఊపందుకుంది. వీవెన్ రూపొందించిన లేఖిని అనే సాధనం వల్ల మామూలు కీబోర్డు మీద తెలుగు రాయడం తేలికైంది. కూడలి, జల్లెడ వంటి సైట్లు బ్లాగుల్లో వచ్చే కొత్త రాతలను, అంటే టపాలను, ఒకచోట చూపాయి. ఈ-తెలుగు సంస్థ హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో స్టాలు పెట్టి కంప్యూటర్‌లో తెలుగు రాయడం జనానికి నేర్పింది. తర్వాత పాఠకులు ఫేస్‌బుక్ వైపు మళ్లారు. అయినా పౌర సంబంధాల్లో బ్లాగు అవసరం తీరిపోలేదు. సోషల్ మీడియాలో పోస్టు సాయంత్రానికి కిందికి జారిపోతుంది. బ్లాగులో రాసింది మూడేళ్ల తర్వాత వెతికినా దొరుకుతుంది. పైగా అది సంస్థ సొంత స్థలం. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌ సహా 59 యాప్‌లను నిషేధించింది. ఆ ఒక్క చోటే లక్షల మందిని పోగేసుకున్నవాళ్లు తెల్లారేసరికి ఖాళీ చేతులతో మిగిలారు. అద్దె ఇంట్లో సామాను ఉంచినా, దస్తావేజులు సొంత పెట్టెలో ఉంచుకోవాలన్నట్టే ఇదీ.

బ్లాగులో ఏం రాయాలన్నదానికి కొలత సులభం. కౌంటరు దగ్గర రోజూ వినిపించే ప్రశ్నలే అంశాలు. ఆసుపత్రి అయితే ఆరోగ్యశ్రీ కింద ఏ చికిత్సలు చేస్తారు, చేరేటప్పుడు ఏ కాగితాలు తేవాలి. హాస్టల్ అయితే అడ్వాన్స్ ఎంత, ఖాళీ చేసేటప్పుడు ఎంత తిరిగి ఇస్తారు. కోచింగ్ సెంటర్ అయితే ఫీజు, వాయిదాలు, మధ్యలో మానేస్తే డబ్బు సంగతి. ఇలాంటి ప్రశ్నకు ఒక్కో టపా రాసి, ఎవరైనా అడిగినప్పుడు ఆ లంకె పంపితే అందరికీ ఒకే జవాబు అందుతుంది. నియమం మారితే టపా దిద్ది, దిద్దిన తేదీ వెయ్యాలి. పాత మాట గుట్టుగా చెరిపేస్తే ఎవరో ఒకరి దగ్గర స్క్రీన్‌షాట్ ఉంటుంది.

ఫిర్యాదుకు జవాబు ఇవ్వడం ఒక క్రమం. ముందు ఫిర్యాదు అందిందని నలుగురూ చూసేచోటే చెప్పాలి. ఫోన్ నంబరు, టికెట్ నంబరు, జబ్బు వివరాలు మాత్రం బహిరంగంగా అడగకూడదు, విడిగా సందేశంలో తీసుకోవాలి. పని అయ్యాక మళ్లీ మొదటి చోటికే వచ్చి ఏం చేశారో చెప్పాలి. తప్పు జరిగితే ఒప్పుకోవాలి. జరగకపోతే ఆధారం చూపాలి, వాదనకు దిగకూడదు. బూతులను తొలగించవచ్చు. విమర్శను తొలగిస్తే అది మరోచోట రెండింతలై లేస్తుంది. మన ప్రాంతంలో మర్యాద కూడా జవాబులో భాగమే. ‘అమ్మా’, ‘అన్నా’, ‘సార్’ అని పిలిచి, పేరుతో రాసిన రెండు వాక్యాలు, అందరికీ ఒకేలా అంటించే ఇంగ్లిష్ పేరా కన్నా బాగా పనిచేస్తాయి. ఈ దారిలో తెలుగుతో పాటు ఉర్దూ, హిందీ మాట్లాడేవాళ్లూ ఉన్నారు. ముఖ్యమైన సమాచారం ఆ భాషల్లోనూ ఉండాలి. చదవలేనివారికి నిమిషం ఆడియో మేలు.

ఫలితాన్ని లైకులతో కొలవడం తేలిక, కానీ తప్పుదారి. ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, జవాబుకు ఎంతసేపు పట్టింది, ఎన్ని తీరాయి, అదే ఫిర్యాదు మళ్లీ ఎన్నిసార్లు వచ్చింది అన్నవి అసలు లెక్కలు. చివరి అంకె అన్నిటికన్నా ముఖ్యం. ఒకే బస్టాపు గురించి నెల నెలా ఒకే ఫిర్యాదు వస్తుంటే లోపం ఖాతాలో లేదు, బస్టాపులో ఉంది.

సోషల్ మీడియా ఖాతా తెరవడమంటే వీధిలోకి ఒక కిటికీ తెరవడం. అక్కడ కూర్చునే మనిషి లేకపోతే తెరవకపోవడమే మంచిది. దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న మెడికల్ షాపు నుంచి ఎల్బీ నగర్ మీదుగా వెళ్లే బస్సు దాకా ఎవరికైనా ఈ లెక్క ఒక్కటే: అడిగినవాడికి జవాబు దొరికిందా, దొరికిన జవాబు నిజమేనా. ఈ రెండూ ఉన్న సంస్థకు పౌర సంబంధాలు ఉన్నట్టు. అవి లేనిదానికి ఉన్నది ప్రచారం మాత్రమే.